పెద్దవాళ్లను ఆసుపత్రి నుంచి తొందరపడి పంపిస్తున్నారనిపిస్తే ఏం చేయాలి

ఉదయం రౌండ్లకు వచ్చిన పెద్ద డాక్టరు కేస్‌షీటు ఒకసారి తిరగేసి, "బాగానే ఉన్నారు, ఇవాళ డిశ్చార్జ్ చేసేద్దాం" అని చెప్పి పక్క మంచం దగ్గరికి వెళ్లిపోతారు. ఇక్కడ నాన్నగారు బాత్రూము దాకా వెళ్లి రావడానికే గోడ పట్టుకుంటున్నారు. ఇలాంటప్పుడు ఎవరితో మాట్లాడాలి, ఏమని మాట్లాడాలి అని అడిగేవారు చాలామంది ఉన్నారు. తల్లిదండ్రులు ఊళ్లో ఉండి, తాము బెంగళూరులోనో డాలస్‌లోనో ఉన్నవారు మరీ ఎక్కువగా అడుగుతున్నారు. అందుకే తెలిసినంతవరకు ఒకచోట వరసగా రాస్తున్నాను. నేను డాక్టరును కాను. అమ్మానాన్నల కోసం ఆసుపత్రి వరండాల్లో చాలా రాత్రులు గడిపిన మనిషిని.

ప్రైవేటు ఆసుపత్రులు అవసరం లేకపోయినా ఉంచేసుకుంటాయన్న ఫిర్యాదే మనం తరచుగా వింటాం. అయితే వైద్యం ఖర్చు ప్యాకేజీగా ముందే ఖాయమైపోయిన చోట, బీమా సొమ్ము అడుగంటిన చోట, ప్రభుత్వాసుపత్రి క్యాజువాలిటీలో స్ట్రెచర్ల మీద జనం మంచం కోసం ఎదురుచూస్తున్న చోట ఆ లెక్క తిరగబడుతుంది. ఇవేవీ కాకుండా, ఇంటికి పంపడమే మంచిదని డాక్టరు నిజంగా నమ్మి పంపే సందర్భాలూ ఉంటాయి. వయసు మళ్లినవారు మంచం మీద గడిపిన ప్రతి రోజూ కాళ్లలో సత్తువ తగ్గుతుంది, ఆసుపత్రి ఇన్‌ఫెక్షన్లు అంటుకోవచ్చు, రాత్రిళ్లు నిద్రలేక మతి తప్పవచ్చు. కాబట్టి "ఇంకో రెండు రోజులు ఉంచండి సార్" అని బతిమాలితే డాక్టరు ఒప్పుకోవడానికి ఆధారమేమీ ఉండదు. ఆ రెండు రోజుల్లో ఏది కుదుటపడాలో మీరు వేలు పెట్టి చూపించగలగాలి. కింద చెప్పిన పనుల్లో చాలావరకు అందుకోసమే.

దగ్గర ఉంచుకోవలసినవి

- ఒక చిన్న నోటు పుస్తకం. ఎవరు, ఏ తేదీన, ఎన్ని గంటలకు, ఏం చెప్పారో అందులో రాయాలి.
- వేలికి పెట్టే పల్స్ ఆక్సీమీటరు, థర్మామీటరు, ఇంట్లో డిజిటల్ బీపీ యంత్రం ఉంటే అది.
- ఇంట్లో వాడుతున్న మందులన్నీ, స్ట్రిప్పులతో సహా ఒక సంచిలో.
- బీమా పాలసీ కాగితం, లేదా ఆరోగ్యశ్రీ కార్డు, లేదా 70 ఏళ్లు దాటినవారికి 2024 అక్టోబరు నుంచి ఇస్తున్న ఆయుష్మాన్ వయ వందన కార్డు.
- చేర్చిన రోజు నుంచి వచ్చిన రిపోర్టులన్నిటికీ తేదీల వరసలో తీసిన ఫోటోలు.
- కుటుంబం తరఫున మాట్లాడే ఒకే ఒక్క మనిషి. అన్నయ్య ఒకమాట, అల్లుడు ఒకమాట, అమెరికా నుంచి వీడియో కాల్‌లో చెల్లెలు ఇంకోమాట చెబితే, ఆసుపత్రివాళ్లు తమకు అనుకూలంగా ఉన్న మాటనే పట్టుకుంటారు.

1. డిశ్చార్జ్ మాట రాకముందే గీత గీయించుకోండి

చేర్చిన రెండో రోజునో మూడో రోజునో డాక్టరును ఇలా అడగండి: "ఏమేమి కుదుటపడితే ఇంటికి పంపవచ్చంటారు సార్?" ఆక్సిజన్ తీసేశాక నిలబడాలి, జ్వరం తగ్గాలి, సోడియం ఇంతకు రావాలి, వాకరుతో నాలుగడుగులు వేయాలి, ఇలా ఏదో ఒకటి చెబుతారు. ఆ జవాబును తేదీతో రాసుకోండి. తరవాత పంపేస్తామన్న రోజున మీ అభిప్రాయాన్ని పక్కనపెట్టి, ఆయన చెప్పిన మాటనే ఆయనకు గుర్తుచేయవచ్చు.

2. మాట వచ్చిన వెంటనే కారణం కనుక్కోండి

డాక్టరు నోటితో చెప్పిన తరవాత సమ్మరీ టైపు చేయడం, మందులు వెనక్కి పంపడం, బిల్లు తయారు చేయడం, బీమా అనుమతి రావడం అన్నీ కలిసి ఒక పూట పడుతుంది. మీకున్న వ్యవధి అదే. సమ్మరీ ప్రింటయ్యాక మాట్లాడటం మొదలుపెడితే, అప్పటికే ఆ మంచం మరొకరికి రాసేసి ఉంటారు.

డ్యూటీ డాక్టరునూ వార్డు సిస్టరునూ విడివిడిగా, మర్యాదగా అడగండి: "ఇవాళే పంపడానికి కారణం ఏమిటండీ, వైద్యం పూర్తయిందా, లేక అప్రూవల్ ఇంతవరకే వచ్చిందా?" చాలాసార్లు అసలు సంగతి సిస్టరు దగ్గరే బయటపడుతుంది. అది డబ్బుకు సంబంధించినదైతే 6వ మెట్టు మీకు ముఖ్యం. వైద్యానికి సంబంధించినదైతే 4, 5 ముఖ్యం.

3. ముందు పెద్దాయననే అడగండి

ఇది రాయవలసి రావడమే విచిత్రం గానీ, మంచానికి చెరో పక్కన నిలబడి కొడుకూ డాక్టరూ మాట్లాడుకుంటుంటే మధ్యలో ఉన్న మనిషిని ఎవరూ అడగరు. మీ అమ్మగారితో ఒంటరిగా, తొందర లేకుండా మాట్లాడండి. "నాకేం కాలేదురా, ఇంటికి పోదాం పద" అని ఆమె అంటే, ఒంట్లో నిజంగా బాగుండి అంటున్నారా, రోజుకు గదికెంత అవుతోందో పక్కమంచం వాళ్ల ద్వారా విని అంటున్నారా అన్నది కనిపెట్టాలి. "డబ్బు సంగతి నేను చూసుకుంటానమ్మా, బాత్రూముకు ఒక్కదానివే వెళ్లగలవా, అంతవరకే చెప్పు" అని అడిగితే జవాబు మారుతుంది. ఆమె తెలివిలో ఉండి, అన్నీ తెలిసి, ఇంటికే వెళతానంటే ఆ నిర్ణయం ఆమెదే. అప్పుడు మీరు చేయవలసింది 9, 10 మెట్లలో ఉంది.

4. మంచం దగ్గర అరగంట తనిఖీ

అన్నిటికంటే ముఖ్యమైన మెట్టు ఇదే కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. పడుకొని ఉన్న మనిషి కొలతలు ఎప్పుడూ బాగానే కనిపిస్తాయి. ఇంట్లో ఆయన పడుకొనే ఉండరు కదా.

మా నాన్నగారికి 76వ ఏట న్యుమోనియా వచ్చినప్పుడు, ఒక ప్రైవేటు ఆసుపత్రిలో అయిదో రోజు ఉదయం డిశ్చార్జ్ అన్నారు. చార్టులో ఆక్సిజన్ 95 అని ఉంది, మానిటర్లోనూ 95 ఉంది. బాత్రూముకు వెళ్లి వస్తానన్నారు. పన్నెండు అడుగులు ఉంటుందేమో. తిరిగొచ్చి మంచం అంచున కూర్చొని, రెండు చేతులూ మోకాళ్ల మీద ఆన్చి, మాట రాక చెయ్యి ఊపారు. వేలికి ఆక్సీమీటరు పెడితే 86. సిస్టరును పిలిచి, ఏమీ వాదించకుండా ఇంకోసారి నడిపించి చూపించాను. ఆమె తన పరికరంతో చూస్తే 87 వచ్చింది, అది కేస్‌షీటులో రాశారు. మధ్యాహ్నానికి డాక్టరుగారే డిశ్చార్జ్ ఆపించారు. నేను చెప్పి ఉంటే ఆగేది కాదు, సిస్టరు రాసిన అంకె ఆపింది.

మీరు చూడవలసినవి ఇవి:

నడక. మంచం మీంచి లేవడం, బాత్రూముకు వెళ్లడం, కమోడ్ మీద కూర్చొని లేవడం. ఊళ్లో ఇండియన్ టాయిలెట్టే ఉంటే ఆ మాట డాక్టరుకు చెప్పండి. తుంటి ఆపరేషను అయినవారి విషయంలో అదొక్కటే మొత్తం ఏర్పాటును మార్చేస్తుంది.

ఆక్సిజన్. గొట్టం తీసేసి, కూర్చున్నప్పుడు ఒకసారి, నడిచి వచ్చిన వెంటనే ఒకసారి చూడాలి. చల్లబడిన వేళ్ల మీద, గోళ్ల రంగు ఉన్న వేళ్ల మీద ఆక్సీమీటరు తప్పు చూపిస్తుంది, కాబట్టి చేతులు రుద్ది వెచ్చబరచి, అర నిమిషం ఆగి అంకె చదవండి. ఏళ్లుగా ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవారికి 88 నుంచి 92 మధ్యే లక్ష్యంగా పెడతారు, అలాంటివారి అంకె చూసి కంగారు పడకండి.

నిలబడినప్పటి బీపీ. అయిదు నిమిషాలు పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టాక ఒక నిమిషానికీ మూడు నిమిషాలకూ మళ్లీ చూడాలి. పై అంకె 20 గానీ, కింది అంకె 10 గానీ పడిపోతే, ఇంట్లో అర్ధరాత్రి లేచినప్పుడు కళ్లు తిరిగి పడే ప్రమాదం ఉంది. బీపీ మాత్రలు తగ్గించవలసి రావచ్చు. ఈ పరీక్ష చేసేటప్పుడు ఒక మనిషి తప్పనిసరిగా పట్టుకొని ఉండాలి.

జ్వరం. గత 24 గంటల కొలతలు అడగండి. ఆరు గంటలకొకసారి పారాసిటమాల్ పడుతూ ఉంటే, జ్వరం లేదన్న మాటకు బలం తక్కువ. చివరి మాత్ర ఎప్పుడు వేశారో కూడా అడగండి.

మతి. నిన్నటిదాకా స్పష్టంగా ఉన్న మనిషి ఇవాళ వార్డు కిటికీ చూసి "ఊరి బస్సు వచ్చిందా?" అంటే, దాన్ని ముసలితనం కింద కొట్టిపారేయకండి. హఠాత్తుగా వచ్చిన తికమక ఒక జబ్బు లక్షణం. ఇన్‌ఫెక్షనో, సోడియం తగ్గడమో, మూత్రం ఆగిపోవడమో, కొత్త మందో కారణం కావచ్చు. వారాల పేర్లు ఆదివారం నుంచి వెనక్కి చెప్పమనండి. ఇదివరకు చెప్పగలిగినవారు ఇప్పుడు మధ్యలో దారి తప్పితే, ఆ మాట డాక్టరుకు చెప్పాలి.

తిండి, మూత్రం, విరేచనం. మూత్రం గొట్టం తీసిన తరవాత ఆరేడు గంటల్లో సొంతంగా మూత్రం పోశారా? పక్షవాతం వచ్చినవారు మంచినీళ్లు తాగుతుంటే పొలమారుతోందా? ఎన్నాళ్లుగా విరేచనం కాలేదు?

చర్మం. పిరుదులు, నడుము కింది భాగం, మడమలు చూడండి. ఎర్రగా కమిలిన చోట ఉంటే ఫోటో తీసి, కేస్‌షీటులో రాయమని అడగండి.

న్యుమోనియా కేసుల్లో ఇంటికి పంపడానికి వైద్యులు చూసే గీతలు దాదాపు అందరికీ తెలిసినవే: జ్వరం 100 డిగ్రీల లోపు, నాడి నిమిషానికి 100 లోపు, శ్వాస 24 లోపు, బీపీ పై అంకె 90కి తగ్గకుండా, ఆక్సిజన్ పెట్టకుండానే 90 లేదా ఆపైన, నోటితో తినగలగడం, మతి ఎప్పటిలా ఉండటం. మరో జబ్బుకు గీతలు వేరు. మీ నాన్నగారి జబ్బుకు ఏవో డాక్టరును అడిగి పక్కన రాసుకోండి.

5. డాక్టరుతో మాట్లాడే తీరు

వరండాలో వెంటపడి మాట్లాడితే ఒక్క నిమిషమే దొరుకుతుంది. "అయిదు నిమిషాలు కూర్చొని మాట్లాడాలండీ, ఓపీ అయ్యాక వస్తాను" అని సమయం అడగండి. వెళ్లాక కథ మొదటి నుంచి చెప్పకుండా మూడే విషయాలు చెప్పండి: ఏం చూశారు, ఎప్పుడు చూశారు, ఏం కావాలి.

ఉదాహరణకు: "డాక్టరుగారూ, ఉదయం 9 గంటలకు నడిపిస్తే ఆక్సిజన్ 86కి పడింది, సిస్టరుగారు రాశారు. మంగళవారం మీరు నడిచినా 90 దాటి ఉండాలన్నారు. అది వచ్చేదాకా ఉంచగలరా? పంపడమే మంచిదంటే, ఇంట్లో ఇలా పడిపోతే ఏం చేయాలో రాసి ఇవ్వగలరా?"

చివరి ప్రశ్న వదలకండి. దానికి స్పష్టమైన జవాబు వస్తే బహుశా డాక్టరు ఆలోచించే పంపుతున్నారు, మీరూ కొంత నిశ్చింతగా ఉండవచ్చు. జవాబు తడబడితే ఆయనే ఇంకోసారి ఆలోచిస్తారు. "మా బావమరిది డాక్టరండీ, ఆయన ఇలా అన్నారు" అన్న మాట మాత్రం మొదట్లోనే తీయకండి. ఆ బావమరిదిగారి చేతే నేరుగా ఫోనులో మాట్లాడించడం ఎంతో మేలు.

గొంతు పెంచవద్దు. ఆసుపత్రి సిబ్బంది మీద దౌర్జన్యాన్ని శిక్షించే 2008 నాటి చట్టం రెండు రాష్ట్రాల్లోనూ ఉంది. గొడవ జరిగితే మీ నాన్నగారి ఆక్సిజన్ సంగతి మరుగునపడి, మీ ప్రవర్తనే కేసు అవుతుంది.

6. కారణం డబ్బే అయితే

ప్రైవేటు బీమా ఉంటే: అనుమతించిన సొమ్ము అయిపోయిందంటే పాలసీ అయిపోయినట్టు కాదు. మొదట వచ్చేది ఒక అంచనా మొత్తం మాత్రమే. ఇంకా ఉండవలసిన వైద్య కారణాన్ని డాక్టరు రాస్తే, ఆసుపత్రి ఇన్సూరెన్స్ డెస్కు అదనపు అనుమతి కోసం టీపీఏకు (బీమా కంపెనీ తరఫున క్లెయిములు చూసే సంస్థకు) పంపాలి. డెస్కు దగ్గర "పంపాం, రాలేదు" అంటే, పంపిన కాగితం నకలు అడిగి, మీరే బీమా కంపెనీకి ఫోను చేసి అందిందో లేదో కనుక్కోండి. 2024లో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ఇచ్చిన ఆదేశం ప్రకారం డిశ్చార్జ్ వినతి అందిన మూడు గంటల్లో కంపెనీ తుది అనుమతి ఇవ్వాలి. ఆలస్యం వల్ల ఆసుపత్రి వేసే అదనపు ఖర్చు కంపెనీయే భరించాలి.

ఆరోగ్యశ్రీ, లేదా ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్య సేవ కింద చేరితే: ప్యాకేజీ అంటే చేరిన దగ్గర్నుంచి డిశ్చార్జ్ దాకా అయ్యే మొత్తం వైద్యం. "ప్యాకేజీ రోజులు అయిపోయాయి, ఇకపై మీరే కట్టాలి" అనే మాట వింటే, ఆసుపత్రిలోనే ఉండే ఆరోగ్యమిత్రను వెంటనే కలవండి (ఆంధ్రలో వైద్యమిత్ర అంటారు). అక్కడ తేలకపోతే 104కు ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేయించి, నంబరు రాసుకోండి. ఇంటికి వెళ్లేటప్పుడు 10 రోజుల మందులు కూడా ప్యాకేజీలోనే ఉంటాయి, అడిగి తీసుకోండి. ఆయుష్మాన్ కార్డు అయితే డిశ్చార్జ్ తరవాత 15 రోజుల ఖర్చులు పథకంలో కలిసి ఉంటాయి, ఫోను నంబరు 14555.

7. కాగితం మీద పెట్టండి

నోటిమాటకు కదలని చోట తేదీ వేసిన కాగితం కదిలిస్తుంది. తెల్లకాగితం మీద చేత్తో రాసినా చాలు:

"మెడికల్ సూపరింటెండెంట్ గారికి. మా తండ్రిగారు ఫలానా వార్డు, ఫలానా మంచంలో ఉన్నారు. ఈ రోజు డిశ్చార్జ్ చేస్తున్నట్లు ఉదయం 10 గంటలకు తెలిపారు. నడిచినప్పుడు ఆక్సిజన్ 86కి పడిపోతున్నట్లు 9 గంటలకు నర్సుగారు నమోదు చేశారు. ఈ స్థితిలో ఇంటికి తీసుకువెళ్లడం ప్రమాదమని భావిస్తున్నాము. దయచేసి డాక్టరుగారు మరొకసారి పరీక్షించి, డిశ్చార్జ్‌కు తగిన స్థితిలో ఉన్నారో లేదో కేస్‌షీటులో నమోదు చేయగలరు. ఈ లేఖ ప్రతిని కేస్‌షీటుకు జతపరచగలరు."

రెండు ప్రతులు తీసి, ఒకదాని మీద అందినట్టు సంతకం, సమయం వేయించుకోండి. సంతకం పెట్టడానికి ఒప్పుకోకపోతే ఫోటో తీసి ఆసుపత్రి ఈమెయిలుకు పంపండి. ఆరోపణలు, బెదిరింపులు, "కోర్టుకు వెళ్తాం" లాంటి మాటలు ఇందులో రాయకండి.

హెచ్చరిక: మీ ముందు పెట్టిన ప్రతి కాగితాన్నీ చదివే సంతకం చేయండి. ఆసుపత్రే పంపుతున్నప్పుడు "వైద్య సలహాకు వ్యతిరేకంగా స్వచ్ఛందంగా తీసుకువెళుతున్నాము" అని ఉన్న లామా ఫారం మీద సంతకం చేయకూడదు. చేస్తే, రేపు ఏం జరిగినా బాధ్యత మీ మీదికి వస్తుంది, బీమా కంపెనీ కూడా ప్రశ్నలు వేయవచ్చు. చాలామంది బిల్లింగ్ కౌంటరు దగ్గర తొందరలో, పది కాగితాల మధ్య దీన్ని సంతకం చేసి వస్తారు. సమ్మరీలో కూడా "రిక్వెస్ట్ మీద డిశ్చార్జ్" అన్న మాట దొర్లిందేమో చూసి, అడగని పక్షంలో తీయించండి.

8. పై మెట్టుకు వెళ్లడం

వరస ఇది: డ్యూటీ డాక్టరు, ఆ తరవాత చికిత్స చేస్తున్న కన్సల్టెంటు, ఆ తరవాత మెడికల్ సూపరింటెండెంటు. ప్రభుత్వాసుపత్రిలో అయితే ఆర్‌ఎంఓ (రెసిడెంట్ మెడికల్ ఆఫీసరు), సూపరింటెండెంటు. మధ్యలో పీఆర్‌ఓలు (ఆసుపత్రి తరఫున జనంతో మాట్లాడే ఉద్యోగులు) కలుస్తారు. వాళ్లు మర్యాదగానే మాట్లాడతారు గానీ వైద్య నిర్ణయం మార్చలేరు, అక్కడ గంటలు పోగొట్టుకోకండి.

మరో డాక్టరు అభిప్రాయం తీసుకోవడం మీ హక్కు. జాతీయ మానవ హక్కుల సంఘం తయారుచేసిన రోగుల హక్కుల పత్రంలో ఇది స్పష్టంగా ఉంది. అందుకు కావలసిన రిపోర్టులు ఆసుపత్రి ఇవ్వాలి. అడిగిన 72 గంటల్లో వైద్య రికార్డులు ఇవ్వాలని 2002 నాటి వైద్య మండలి నియమాలు కూడా చెబుతున్నాయి. కాకపోతే మీకు 72 గంటల వ్యవధి లేదు, కాబట్టి ఫోటోలు ముందే తీసి పెట్టుకోమన్నాను.

పెద్దవాళ్ల కోసం నడిచే ఎల్డర్ లైన్ 14567 ఉంది. దగ్గర మనిషి లేని దూరదేశపు పిల్లలకు అది కొంత ఆసరా. జిల్లా వైద్య ఆరోగ్యశాఖాధికారికి, వైద్య మండలికి, వినియోగదారుల కమిషన్‌కు ఫిర్యాదులు కూడా చేయవచ్చు, అయితే అవి ఇవాళ్టి డిశ్చార్జ్‌ను ఆపవు. వాటి పని తరవాత.

అమెరికాలో స్థిరపడి మెడికేర్ (అక్కడి పెద్దవాళ్ల ప్రభుత్వ బీమా) ఉన్న తల్లిదండ్రుల విషయం వేరు. అక్కడ చేరినప్పుడే మెడికేర్ హక్కుల నోటీసు ఇచ్చి సంతకం తీసుకుంటారు, వెళ్లే ముందు మళ్లీ ఇస్తారు. డిశ్చార్జ్ రోజు అర్ధరాత్రిలోపు ఆ కాగితం మీదున్న సమీక్ష సంస్థ నంబరుకు ఫోను చేస్తే ఆసుపత్రితో సంబంధం లేని డాక్టర్లు కేసు చూస్తారు, ఆ నిర్ణయం వచ్చిన మర్నాటి మధ్యాహ్నం దాకా అదనపు రోజుల భారం రోగి మీద పడదు. విజిటర్ ఇన్సూరెన్స్ మీద వచ్చిన అమ్మానాన్నలకు ఇది వర్తించదు.

9. మధ్యేమార్గం అడగండి

ఉంచడమా, పంపడమా అన్న రెండే దారులు లేవు. ఐసీయూ నుంచి నేరుగా ఇంటికి అంటే, ఒక రోజు జనరల్ వార్డులో చూసి పంపమనండి. సాయంత్రం ఏడింటికి పంపుతామంటే, "ఊరికి మూడు గంటల ప్రయాణం, అక్కడ మందుల షాపు కూడా తెరిచి ఉండదు, రేపు ఉదయం తీసుకెళతాం" అనండి. దీనికి చాలామంది ఒప్పుకుంటారు. పెద్దాసుపత్రిలో మంచం దొరకదంటే, మీ ఊరి దగ్గరి ఏరియా ఆసుపత్రికి రిఫరల్ కాగితంతో మార్పించమని అడగండి. అదీ కాకపోతే ఆక్సిజన్ కాన్సంట్రేటరు, ఆసుపత్రి మంచం అద్దెకు తీసుకోవచ్చు, ఇంజక్షన్లకు ఇంటికి వచ్చే నర్సును మాట్లాడుకోవచ్చు. పరికరం ఇంటికి చేరి, ఒకసారి నడిపి చూశాకే గేటు పాసు తీసుకోండి. కరెంటు పోతే ఏం చేయాలో కూడా అప్పుడే ఆలోచించాలి.

10. తీసుకెళ్లక తప్పనప్పుడు

డిశ్చార్జ్ సమ్మరీ చేతికి రాగానే కారెక్కకుండా, కుర్చీలో కూర్చొని ఇవి చూడండి:

- పేరు, వయసు, ఆపరేషను కుడివైపా ఎడమవైపా అన్నది సరిగ్గా ఉన్నాయా.
- వెళ్లేటప్పటి స్థితి అన్నచోట అసలు కొలతలు రాశారా, లేక "నిలకడగా ఉన్నారు" అన్న ఒక్క మాటతో సరిపెట్టారా.
- ఇంకా రావలసిన రిపోర్టులు ఏవి. బ్లడ్ కల్చరుకు కొన్ని రోజులు పడుతుంది. వచ్చాక ఎవరు చూసి ఎవరికి చెబుతారో పేరుతో రాయించండి.
- పాత మందుల్లో ఏవి ఆపాలి, ఏవి కొనసాగించాలి. మీ సంచి తెరిచి ఒక్కొక్క స్ట్రిప్పూ చూపించండి. ఒకే టెల్మిసార్టాన్ రెండు కంపెనీల పేర్లతో రెండు పూటలా వేసుకొని, బీపీ పడిపోయి పడినవాళ్లున్నారు.
- మళ్లీ ఎప్పుడు, ఎవరికి చూపించాలి. రాత్రి ఏ నంబరుకు ఫోను చేయాలి. ఏ లక్షణం కనిపిస్తే నేరుగా క్యాజువాలిటీకి రావాలి.
- చేతికి సూది గొట్టం ఇంకా ఉందా. నవ్వకండి, పొడుగు చేతుల చొక్కా కింద అలాగే ఇంటికొచ్చినవారు ఉన్నారు.

చివరగా, సిస్టరు చెప్పిందంతా మీ మాటల్లో ఆమెకు తిరిగి చెప్పండి. "అంటే ఈ నీలం మాత్ర ఉదయం తిన్నాక, ఈ సగం మాత్ర రాత్రికి, అంతేనా అమ్మా?" తప్పు ఉంటే అక్కడే దొరుకుతుంది.

ఎక్కువమంది చేసే పొరపాట్లు

సాయంత్రం బిల్లు చేతికొచ్చాక అభ్యంతరం చెప్పడం వీటిలో మొదటిది. అప్పుడు మీరు వైద్యం గురించి మాట్లాడినా, డబ్బు గురించి మాట్లాడుతున్నట్టే వినిపిస్తుంది. రెండోది, "నీరసంగా ఉన్నారండీ" అనే మాట. నీరసం అందరికీ ఉంటుంది, దానిలో డాక్టరు పట్టుకోవడానికి ఏమీ లేదు. "నిన్న నాలుగు ఇడ్లీలు తిన్నవారు ఇవాళ అర ఇడ్లీ కూడా తినలేదు" అంటే ఉంది.

మూడోది మన ఇంటి సంగతి, ఒప్పుకోవడానికి కొంచెం కష్టం. ఆయన సిద్ధంగా లేరా, మనం సిద్ధంగా లేమా? సెలవు దొరకలేదు, పనిమనిషి రాలేదు, పై అంతస్తుకు లిఫ్టు లేదు, ఇవన్నీ నిజమైన ఇబ్బందులే. కానీ వాటికి బదులు ఆయనకు ఆయాసంగా ఉందని చెబితే డాక్టరు ఆయాసానికి వైద్యం చేస్తారు, అక్కర్లేని పరీక్షలు రాస్తారు. ఇంటి ఇబ్బంది అయితే అలాగే చెప్పి ఒక రోజు గడువు అడగండి.

ఇంటికొచ్చాక 48 గంటలు

పనిచేసిందో లేదో తెలిసేది ఇక్కడే. ఉదయం, సాయంత్రం ఆక్సిజన్, బీపీ, నాడి, జ్వరం కొలిచి నోటు పుస్తకంలో రాయండి. షుగరు ఉన్నవారికి అది కూడా. ఎన్ని ముద్దలు తిన్నారు, ఎన్నిసార్లు మూత్రం పోశారు, రాత్రి ఎన్నిసార్లు లేచారు అన్నవి పక్కన రాయండి. రెండో రోజు అంకెలు మొదటి రోజుకంటే చెడుతూ ఉంటే, మూడో రోజు దాకా చూద్దామనుకోకుండా రాసిచ్చిన నంబరుకు ఫోను చేయండి. హఠాత్తుగా తికమక, ఆపరేషను చేసిన కాలి పిక్క వాచి నొప్పి పెట్టడం, కూర్చున్నా తగ్గని ఆయాసం, ఛాతీనొప్పి, నల్లటి విరేచనం, మూత్రం ఆగిపోవడం, వీటిలో ఏది కనిపించినా 108కి ఫోను చేసి వెళ్లిపోవాలి.

తిరిగి చేర్చవలసి వస్తే వీలైనంతవరకు అదే ఆసుపత్రికి తీసుకెళ్లండి, పాత రికార్డు అక్కడే ఉంటుంది. ఆరోగ్యశ్రీ కింద చేసిన వైద్యానికి డిశ్చార్జ్ తరవాత 30 రోజుల్లోపు వచ్చే ఇబ్బందులు ఆ ప్యాకేజీలోనే వస్తాయి. కౌంటరులో కొత్తగా డబ్బు కట్టమంటే ఈ మాట చెప్పి ఆరోగ్యమిత్రను పిలిపించండి. సమ్మరీ, మీరు ఇచ్చిన లేఖ సంతకం ఉన్న ప్రతి, నోటు పుస్తకం, మందుల సంచి, ఈ నాలుగూ ఒకే కవరులో పెట్టి వీధి తలుపు దగ్గరి మేకుకు తగిలించి ఉంచండి. అర్ధరాత్రి అంబులెన్సు వచ్చినప్పుడు వాటిని వెతికే తీరిక ఎవరికీ ఉండదు.